రంగుల పటం ఆట

దేశాలకు రంగులు వేసిన ప్రపంచ పటాన్ని శీర్షిక, సూచిక తీసేసి చూపించి, ఆ రంగులు దేని లెక్కో చెప్పమనే ఆట. ఇలాంటి ఛాయా పటాలకు ఆద్యుడు ఫ్రాన్స్‌కు చెందిన షార్ల్ దుపాఁ. 1826లో ఆయన తన దేశంలో చదువు ఎక్కడెంత వ్యాపించిందో ముదురు, లేత ఛాయల్లో చూపించాడు.

ఈ ఆటలో రంగు పడిన దేశాలకన్నా పడని దేశాలే ఎక్కువ ఆచూకీ ఇస్తాయి. బ్రెజిల్, భారత్ బాగా ముదురుగా, చైనా, థాయ్‌లాండ్, పాకిస్తాన్ కాస్త లేతగా ఉన్నాయనుకుందాం. చోడవరం దగ్గరి గోవాడ సహకార చక్కెర కర్మాగారానికి చెరకు తోలిన రైతు ‘పంచదార’ అనేయవచ్చు. తొందరపడకూడదు, ముందు రష్యాను చూడాలి. అక్కడ చక్కెర తీసేది బీట్ దుంప నుంచి. కాబట్టి రష్యాకూ రంగుంటే పంచదార పటం, తెల్లగా వదిలేస్తే చెరకు పటం. అనకాపల్లి మార్కెట్‌కు బెల్లమై చేరే చెరకు లెక్కకొచ్చేది ఈ రెండోదానిలోనే.

రోడ్డుకు ఎడమవైపు వాహనాలు నడిచే దేశాల పటం మరో మాయ. పాత బ్రిటిష్ వలసలనిపిస్తుంది గానీ జపాన్, థాయ్‌లాండ్, ఇండోనేషియా అడ్డుపడతాయి. చైనా, భారత్, అమెరికా మూడూ ముదురుగా ఉన్న పటం దాదాపు దేనికైనా సరిపోతుంది, ఆటకు మాత్రం పనికిరాదు. తలసరి లెక్కల పటమే అసలు పరీక్ష. మెర్కేటర్ పటమైతే కళ్లనూ నమ్మకూడదు: అందులో ఆఫ్రికా అంత కనిపించే గ్రీన్‌లాండ్ నిజానికి దానిలో 14వ వంతే.