పోయినవాడి చొక్కా డబ్బు ఎవరికి చేరింది? కలకత్తా పాత బట్టల అమ్మకం, వేలం, కన్‌సైన్‌మెంట్: ఒక చరిత్ర వ్యాసం

"పాత బట్టలకు స్టీలు సామాన్లూ!" ఈ కేక వినని తెలుగు వీధి ఉండదు. మా అమ్మ రెండు ప్యాంట్లు, అంచు చిరిగిన ఒక చీర, నా టెన్త్ క్లాసు యూనిఫాం ఇచ్చి ఒక స్టీలు డబ్బా తీసుకునేది. అరగంట బేరం. బేరం తెగాక బట్టలు ఆవిడవి, డబ్బా మాది. ఆ ప్యాంట్లు తర్వాత ఎంతకు అమ్ముడయ్యాయో మాకు తెలియదు. అడిగే హక్కు కూడా లేదు, ఎందుకంటే అమ్మకం అక్కడికక్కడే పూర్తయిపోయింది.

ఇప్పుడు రెండో పద్ధతి చూడండి. మీ కోటును ఒక దుకాణంలో పెడతారు. అది అమ్ముడయ్యేదాకా సొత్తు మీదే. అమ్ముడయ్యాక దుకాణదారు తన కమిషన్ తీసుకుని మిగతాది మీకు ఇస్తాడు. అమ్ముడుపోకపోతే కోటు వెనక్కి వస్తుంది. ఇదే కన్‌సైన్‌మెంట్. ఇంటర్‌లో సి.ఇ.సి. చదివిన వాళ్లకు కన్‌సైనర్, కన్‌సైనీ, అకౌంట్ సేల్స్, డెల్ క్రెడరే కమిషన్ అన్నీ గుర్తుండే ఉంటాయి. నాలాగా ఎం.పి.సి. నుంచి వచ్చినవాళ్లు ఈ పేరా మరోసారి చదవండి.

మొదటి పద్ధతిలో డబ్బాతో లెక్క ముగిసిపోతుంది. రెండో పద్ధతి మొత్తం ఒక పుస్తకం మీద ఆధారపడుతుంది: ఎవరి బట్ట, ఎంతకు పోయింది, కమిషన్ ఎంత, మిగిలింది ఎవరికి చేరాలి. కలకత్తాలో ఈ రెండు పద్ధతులూ చాలాకాలంగా పక్కపక్కనే సాగాయి. ఆ పుస్తకం ఎవరి కోసం రాశారు, ఎవరి కోసం రాయలేదు అని అడిగితే ఆధునిక చరిత్ర సిలబస్‌లో మనం విడివిడిగా బట్టీపట్టే అంశాలు కొన్ని ఒకచోటికి చేరతాయి.

ముందు చావుతో మొదలుపెట్టాలి. చరిత్రకారుడు పి.జె. మార్షల్ లెక్క ప్రకారం 1707–1775 మధ్య బెంగాల్‌లో నియమితులైన కంపెనీ సివిల్ ఉద్యోగుల్లో సగానికి పైగా ఇండియాలోనే చనిపోయారు. పదహారు, పదిహేడేళ్లకు రైటర్‌గా వచ్చిన కుర్రాడు జ్వరంతో పోతే అతని వారసులు ఎక్కడో స్కాట్లాండ్‌లో ఉంటారు. ఓడలో కబురు వెళ్లడానికే ఐదారు నెలలు. చొక్కాలు, వెయిస్ట్‌కోట్లు, మేజోళ్లు ఓడ ఎక్కించి పంపితే ఖర్చు దండగ, ఈలోగా చెదలు, బూజు పడతాయి. అందుకే చనిపోయినవాడి సామాను మొత్తానికి జాబితా రాసి బహిరంగ వేలం వేసేవారు. ఆ రోజుల్లో దీన్ని 'అవుట్‌క్రై' అనేవారు. వచ్చిన సొమ్ములో అప్పులు తీర్చి మిగిలింది వారసులకు పంపాలి.

ఈ జాబితాలు ఇప్పటికీ ఉన్నాయి. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో, ఇండియా ఆఫీస్ రికార్డుల్లో 1780 నుంచి బెంగాల్ మృతుల ఆస్తి జాబితాలు వరుసగా దొరుకుతాయి. వేలం లెక్క ఉన్నచోట వస్తువు పేరు, కొన్నవాడి పేరు, ధర పక్కపక్కనే కనిపిస్తాయి. చొక్కాలు డజన్ల లెక్కన ఉంటాయి. వాడినవా, కొత్తవా అని కూడా కొన్నిచోట్ల రాశారు. కొన్నవాళ్లలో తోటి ఉద్యోగులు ఉన్నారు, చిన్న దుకాణదారులు ఉన్నారు, భారతీయులూ ఉన్నారు. నిన్నటిదాకా పక్క టేబుల్ మీద కూర్చుని రాసుకున్నవాడి కోటు ఈ రోజు వేసుకుని ఆఫీసుకు వెళ్లడం వాళ్లకు తప్పుగా అనిపించలేదు. యూరప్ కుట్టు దొరకడం కష్టం, ధర ఎక్కువ. ఓడల్లో నావికుడు చనిపోతే అతని బట్టలను తెరచాప స్తంభం దగ్గరే తోటివాళ్లకు వేలం వేసే ఆచారం అప్పటికే ఉంది. కలకత్తా అవుట్‌క్రైకి అది దగ్గరి బంధువు.

'వేలం' అన్న మన మాట కూడా ఓడ మీద వచ్చిందే అంటారు. పోర్చుగీసు 'లెయ్‌లావ్' నుంచి హిందీ, బెంగాలీల్లో నీలామ్, తమిళంలో ఏలం, తెలుగులో వేలం వచ్చాయని పండితుల అభిప్రాయం. ప్రిలిమ్స్‌లో అడగకపోవచ్చు, గుర్తుంచుకుంటే మాత్రం ఎస్సేకు పనికొస్తుంది.

1780 జనవరి 29న హికీ 'బెంగాల్ గెజెట్' మొదలైంది. మనం దాన్ని 'భారత్‌లో తొలి వార్తాపత్రిక' అని ఒక్క ముక్కలో చదివి వదిలేస్తాం. ఆ కాలపు పత్రికల్లో రాజకీయ ఎత్తిపొడుపులతో పాటు వేలం ప్రకటనలూ ఉండేవి. 1784లో వచ్చిన 'కలకత్తా గెజెట్'లోనూ అంతే. టల్లో అండ్ కంపెనీ లాంటి వేలందారులు, తర్వాతి కాలంలో 'ఎక్స్ఛేంజ్' పేరుతో పెద్ద వేలంశాల నడిపిన మెకంజీ లయల్ ఈ వృత్తిలో పేరు తెచ్చుకున్నారు. వీళ్ల దగ్గరికి వచ్చే సరుకులో అధిక భాగం వాళ్ల సొంతం కాదు. ఓడ కెప్టెన్ తెచ్చిన టోపీలు, ఇంగ్లండ్ తిరిగి వెళ్తున్న దొర కుర్చీలు, చనిపోయినవాడి కోటు, ఏదైనా సరే యజమాని తరఫున అమ్మి కమిషన్ తీసుకోవడమే వాళ్ల పని. వ్యాపార స్వభావంలో ఇది పూర్తిగా కన్‌సైన్‌మెంటే.

చొక్కా ఒక గంటలో అమ్ముడైపోతుంది. దాని డబ్బు స్కాట్లాండ్‌లోని తల్లికి చేరేలోపు ఎన్ని చేతులు మారుతుందో చూడండి. 1773 రెగ్యులేటింగ్ చట్టం ప్రకారం 1774లో ఏర్పడిన సుప్రీంకోర్టుకు వీలునామాల మీద కూడా అధికారం ఉంది. మనం నందకుమార్ కేసు దగ్గరే ఆగిపోతాం కాబట్టి ఈ సంగతి కంటపడదు. వీలునామా రాయకుండా చనిపోయి, బంధువులుగానీ అప్పులవాళ్లుగానీ ముందుకు రాకపోతే ఆ ఆస్తిని కోర్టు రిజిస్ట్రారే నిర్వహించాలని 1800లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. ఆ పనికి అతనికి కమిషన్ దక్కేది. వీలునామా ఉన్నచోట చాలాసార్లు ఏజెన్సీ హౌస్‌ల భాగస్వాములే ఎగ్జిక్యూటర్లు.

ఏజెన్సీ హౌస్ అనగానే నీలిమందు అని రాసేసి ముందుకు వెళ్లిపోతాం. ఒక టెస్ట్ సిరీస్‌లో నేనూ అంతే రాశాను, సగం మార్కులు కూడా రాలేదు. నీలిమందు వాళ్ల పెట్టుబడి. ఆ పెట్టుబడికి డబ్బు వచ్చింది కంపెనీ సైనికాధికారుల, ఉద్యోగుల పొదుపుల నుంచి, వితంతువుల డిపాజిట్ల నుంచి, తమ చేతిలో ఉన్న ఎస్టేట్ల సొమ్ము నుంచి. ఒకరి తరఫున ఉంచిన డబ్బు, సొంత డబ్బు ఒకే పెట్టెలో కలిసిపోయాయి. నీలిమందు ధర పడిపోగానే 1830 జనవరిలో పామర్ అండ్ కంపెనీ కూలింది. 1834 నాటికి మిగతా పెద్ద హౌస్‌లూ పోయాయి.

ప్రైవేటు హౌస్‌లు సరే, కోర్టు రిజిస్ట్రార్ దగ్గరైనా డబ్బు భద్రమా? 1848లో కలకత్తా సుప్రీంకోర్టు రిజిస్ట్రార్ సర్ థామస్ టర్టన్ దివాలా తీశాడు. అతని చేతిలో ఉండాల్సిన మృతుల ఎస్టేట్ల సొమ్ములో పెద్ద మొత్తం కనిపించలేదు. ఈ గొడవ లండన్ పార్లమెంటు దాకా వెళ్లింది. కలకత్తాలో మృతుల ఆస్తి నిర్వహణపై 1849 నాటి 7వ చట్టం వచ్చింది, అడ్మినిస్ట్రేటర్ జనరల్ వ్యవస్థ అలా చట్టంలోకి ఎక్కింది. తర్వాత 1913లో ఒకటి, స్వతంత్ర భారతంలో 1963లో ఒకటి చట్టాలు దాన్ని కొనసాగించాయి. కోల్‌కతాలో ఆ కార్యాలయం ఇప్పటికీ ఉంది. ఒక ప్రభుత్వ పదవి పుట్టుకకు పాత చొక్కాలు, కుర్చీలు అమ్మిన డబ్బు మాయం కావడం ఒక కారణమని పాఠ్యపుస్తకంలో ఉండదు.

ఇదే అనుభవం వాణిజ్య చట్టాల్లోనూ కనిపిస్తుంది. 1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 213 ప్రకారం అడిగినప్పుడు ఏజెంట్ లెక్క చూపాలి. సెక్షన్ 218 ప్రకారం యజమాని తరఫున వసూలైన డబ్బు అతనికి చెల్లించాలి. సెక్షన్ 171 ఫ్యాక్టర్‌కు, అంటే సరుకును తన దగ్గర ఉంచుకుని అమ్మే ఏజెంటుకు, తన బాకీ తీరేదాకా ఆ సరుకును అట్టిపెట్టుకునే హక్కు ఇచ్చింది. 1930 వస్తు విక్రయ చట్టం సెక్షన్ 27లో ఒక మెలిక ఉంది. యజమాని సమ్మతితో సరుకు చేతిలో ఉన్న వ్యాపార ఏజెంట్ మామూలు వ్యాపార పద్ధతిలో అమ్మితే, మంచి విశ్వాసంతో కొన్నవాడికి హక్కు వచ్చేస్తుంది, ఏజెంట్ మీ మాట దాటి అమ్మినా సరే. మీ కోటు పోయినట్టే. దుకాణదారు మీద దావా మాత్రమే మిగులుతుంది. కన్‌సైన్‌మెంట్‌లో నష్టభయమంతా ఎక్కడుందో ఈ సెక్షన్ ఒక్కటే చెబుతుంది.

ఇప్పటిదాకా చెప్పింది దొరల కథ. అదే నగరంలో, చిత్‌పూర్ రోడ్డు వైపు ఇళ్లలో, ఒక బెంగాలీ గృహిణి పాత చీర ఏమయ్యేది? ముందు పనిమనిషికి వెళ్లేది. లేదా రెండు మూడు చీరలు పొరలుగా పేర్చి, అంచుల్లోంచి లాగిన రంగు దారాలతో కుట్టి 'కాంథా' చేసేవారు. మన బొంతకు అది అక్క వరస. లేదా సామాన్లమ్మే 'బాసన్‌వాలీ'కి వెళ్లేది, గిన్నెకు బదులుగా. ఈ మూడింటిలో ఎక్కడా పుస్తకం లేదు, కమిషన్ లేదు, అమ్మాక యజమానికి వచ్చే మిగులు లేదు.

ఎందుకు లేదు? ఒకరు కట్టి విడిచిన బట్ట ఇంకొకరు కట్టుకోవడాన్ని ఎంగిలితో సమానంగా చూసే అలవాటు ఒక కారణం. తన చీర ఫలానా దుకాణంలో వేలాడుతోందని తెలిస్తే పరువు పోయినట్టే. అజ్ఞాతంగా పోవాలి, అందుకే గుమ్మం దగ్గరే బేరం. రెండోది నాకు ఇంకా బలంగా అనిపిస్తుంది. రోజూ కట్టే నూలు చీర విలువ లెక్క రాసే శ్రమకు సరిపోదు. రాసేవాడికి జీతం ఎవరిస్తారు? కన్‌సైన్‌మెంట్ నిలబడాలంటే వస్తువు విలువ ఆ పుస్తకం ఖర్చును మించాలి. ఈ గుమ్మం వ్యాపారం మీద ఢిల్లీలో లోతుగా పని చేసిన మానవశాస్త్రవేత్త లూసీ నోరిస్ పుస్తకం 2010లో వచ్చింది. గిన్నెలమ్మే ఆడవాళ్లు తెల్లవారకముందే మండీకి మూటలు చేర్చడం, అక్కడ బట్టలు రకాలుగా విడిపోవడం, పనికొచ్చేవి ఉతికి, కుట్లు వేసి, ఇస్త్రీ చేసి కూలీలకు అమ్మడం అందులో చదవచ్చు. చిరునామా మార్చితే ఆ వర్ణన కోల్‌కతా బాసన్‌వాలీకీ చాలావరకు సరిపోతుంది.

చీరకు విలువ ఎప్పుడూ తక్కువే అనుకోకండి. యుద్ధకాలంలో బెంగాల్‌లో బియ్యంతో పాటు బట్టకూ కరువు వచ్చింది. 1943లో కాటన్ క్లాత్ అండ్ యార్న్ కంట్రోల్ ఆర్డర్ వచ్చినా బట్ట బ్లాక్ మార్కెట్లోకే పోయింది. మాణిక్ బందోపాధ్యాయ 'దుఃశాసనీయ' కథ ఒంటి మీద గుడ్డలేక పగలు బయటికి రాలేని పల్లె ఆడవాళ్ల గురించి. జి.ఎస్.–1లో కరువు మీద ప్రశ్న వస్తే అందరూ అమర్త్యసేన్‌ను రాస్తారు. మీరు ఈ వస్త్రకరువును ఒక వాక్యం కలపండి.

ఆ యుద్ధకాలంలోనే, 1940లో, పార్క్ స్ట్రీట్ పక్కన రసెల్ స్ట్రీట్‌లో రసెల్ ఎక్స్ఛేంజ్ వేలంశాల మొదలైంది. 1947 తర్వాత ఇళ్లు ఖాళీ చేసి వెళ్లే దొరల పియానోలు, అలమరాలు ఆ వీధికి చేరాయి. ఒకప్పుడు అక్కడ ఇలాంటివి వరుసగా ఉండేవి, ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. పద్ధతి మాత్రం పాతదే: సరుకు ఇంకొకరిది, సుత్తి వీళ్లది, ధరలో వాటా కమిషన్. దొరల సరుకు అయిపోయాక లాట్లలోకి మామూలు ఇళ్ల వస్తువులు, బట్టలు కూడా వచ్చాయి. పాడుకునేవాళ్లలో చిరువ్యాపారులు ఎక్కువ.

ఇక నేటి యాప్‌ల సంగతి. ఫోటో పెట్టి, అమ్ముడయ్యాక కమిషన్ కోసుకుని మిగతాది ఖాతాలో వేసే సంస్థలకు పుస్తకం ఖర్చు దాదాపు సున్నా. మధ్యతరగతి చీర ఇప్పుడు కన్‌సైన్‌మెంట్‌లోకి రావడానికి ప్రధాన కారణం అదే. తానే కొని తిరిగి అమ్మే సెకండ్ హ్యాండ్ వ్యాపారికి జి.ఎస్.టి. రూల్స్ 2017లోని 32(5) ఒక వెసులుబాటు ఇచ్చింది. ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోకుండా ఉంటే కొన్న ధరకు, అమ్మిన ధరకు మధ్య తేడా మీదే పన్ను. ఇది పుస్తకం ఉన్న వ్యాపారికి పనికొచ్చే నియమం. కొన్న ధరగా ఒక స్టీలు గిన్నెను చూపించే బాసన్‌వాలీకి ఈ రూలుతో పనిలేదు.

సాధన ప్రశ్న (250 పదాలు, 15 మార్కులు): "వలస కలకత్తాలో ఏజెన్సీ హౌస్‌ల పతనం, అడ్మినిస్ట్రేటర్ జనరల్ వ్యవస్థ ఏర్పాటు ఒకే సమస్యకు రెండు రూపాలు." చర్చించండి. జవాబును 1830తో మొదలుపెట్టకండి. వేలంలో అమ్ముడైన ఒక చొక్కాతో మొదలుపెట్టి దాని డబ్బు వెంట నడవండి.