గాజును కోయుట – ఒక చిన్న చరిత్ర

గూడూరు దాటి చిల్లకూరు, కోట మండలాల తీరగ్రామాలకు వెళ్ళిన వారు అక్కడి తెల్లని ఇసుకను చూచియుందురు. ఇనుము పాలు తక్కువైన ఆ సిలికా ఇసుక లారీలకెక్కి దూరపు గాజు కర్మాగారములకు పోవుచున్నది. కిటికీ గాజులో నూటికి డెబ్బది పాళ్ళకు పైగా ఉండేది సిలికాయే. మన ఇసుకే పలకలై మన ఆలయముల కిటికీలకు తిరిగి వచ్చినా ఆశ్చర్యము లేదు. ఆ పలకను చట్రము కొలతకు తెచ్చు పని వెనుక ఎన్నో వందల ఏండ్ల కథ ఉన్నది.

కోయుట అంటున్నాము గాని, చెక్కను రంపముతో కోసినట్టు గాజును కోయరు. పైన సన్నని గీత గీస్తే అక్కడ ఒక పగులు పుట్టును. వంచితే ఆ పగులు వెంటనే పలక విరుగును. పగుళ్ళే గాజు బలమును తగ్గించునని 1921లో గ్రిఫిత్ అను ఆంగ్లేయుడు లెక్క కట్టి చూపెను. పనివారి చేతులకు ఆ సంగతి అంతకు చాలా ముందే తెలుసు.

పన్నెండవ శతాబ్దమున థియోఫిలస్ అను సన్యాసి వ్రాసిన గ్రంథములో కాల్చిన ఇనుప కడ్డీతో గాజును పగులదీయు విధానమున్నది. పిమ్మట గాడి గల ఇనుముతో అంచును కొంచెము కొంచెముగా కొరికేవారు. ఐరోపా దేవాలయముల రంగుటద్దములు అట్లు తయారైనవే. ఎలుక కొరికినట్టున్న ఆ అంచులు సీసపు పట్టీలలో దాగిపోయెను.

తరువాత వజ్రము వచ్చెను. 1720ల ప్రాంతమున బ్రెజిల్‌లో వజ్రములు బయల్పడు వరకు లోకమునకు వజ్రములు ముఖ్యముగా భారతదేశము నుండియే పోయేవి. కృష్ణా తీరమందలి కొల్లూరు గని వాటిలో పేరుపడినది. కిరీటములకెక్కిన రాళ్ళ కథలు అందరికీ తెలుసు. పనివాని పిడి కొనకెక్కిన చిన్నరాయిని తలచేవారు లేరు! సానపట్టిన నగ రాయి గాజును గోకునే గాని చక్కని పగులు పుట్టించదనియు, సహజముగా వంపు అంచులున్న రాయే అందుకు తగుననియు 1816లో వొలాస్టన్ వివరించెను. 1869లో అమెరికాలో సామ్యుయేల్ మాన్స్ ఉక్కు చక్రపు కట్టరుకు పేటెంటు పొందెను. దానితో వజ్రము కొనలేనివానికి కూడా ఈ పని అందినది.

మన తీరమునకు ఇది చిన్న విషయము కాదు. 1984 నవంబరులో శ్రీహరికోట వద్ద, 1989 నవంబరులో కావలి వద్ద తుఫానులు తీరము దాటినవి. గాలివాన వెలిసిన మరునాడు పట్నము నుండి పనివాడు వచ్చువరకు కిటికీకి గోనెపట్టా కట్టుకొని కూర్చోవలసినదేనా? కుట్టుపని నేర్పినట్టే మన యువజనులకు ఇదియు నేర్పవచ్చును.

కంటికి అద్దాలు, చేతికి తొడుగులు ముందు. పలకను శుభ్రముగా తుడిచి, చక్రమునకు కిరోసిన్ తడి చేసి, బద్ద ఆనించి, ఈ అంచు నుండి ఆ అంచు వరకు ఒకే ఒత్తిడితో ఒక్కసారే గీయవలెను. గట్టిగా నొక్కితే అంచు పెచ్చులూడును. అదే గీత మీద రెండవసారి గీస్తే చక్రము చెడును. గీసిన వెంటనే బల్ల అంచున గీతను ఉంచి విరువవలెను, ఆలస్యమైతే పగులు మొండికెత్తును. సీసాకు కిరోసిన్ దారము చుట్టి కాల్చి నీటిలో ముంచు పద్ధతి ఇండ్లలో ప్రసిద్ధమే గాని, వంకరగా పగులుటే ఎక్కువ. అగ్నితో పని గనుక పిల్లల చేతికి ఇవ్వరాదు.

ఇప్పుడు తలుపులకు వాడు టఫెన్డ్ గాజుకు ఇవేవీ పనికిరావు. గీసి విరువబోతే పలకంతయు చిన్న చిన్న ముక్కలగును. దానిని కర్మాగారములో కాల్చి గట్టిపరచుటకు ముందే కోయవలెను గనుక, కొలత ఇచ్చుటకు ముందు చట్రమును నాలుగు వైపులా, మూల నుండి మూలకు కూడా కొలిచి చూచుకొనవలెను.