అతివేగం... జరిమానాతో ఆగదు
వీరులపాడు: నందిగామ, జగ్గయ్యపేటల మీదుగా సాగే 65వ నంబరు జాతీయ రహదారిపై తిరిగే వాహనదారులు అతివేగానికి పడే శిక్షలను తెలుసుకొనుట అవసరం.

జరిమానా: 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్ ప్రకారం కార్ల వంటి తేలికపాటి వాహనాలకు రూ.1,000 నుంచి రూ.2,000, లారీలు, బస్సులకు రూ.2,000 నుంచి రూ.4,000.

లైసెన్సు: తొలిసారి మూడు నెలలపాటు అనర్హత విధించవచ్చు. పునశ్చరణ శిక్షణ పూర్తిచేసిన పిదపే తిరిగి ఇస్తారు.

బీమా: ఐదేళ్లు వరుసగా క్లెయిమ్ లేనివారికి సొంత వాహన నష్టపు ప్రీమియంలో 50 శాతం రాయితీ లభిస్తుంది. ఒక్క క్లెయిమ్‌తో సాధారణంగా అది పోతుంది. బీమా గడువు ముగిసిన వాహనం ప్రమాదం చేస్తే బాధితుల పరిహారం యజమానే భరించాలి. కనుక గడువు తేదీని నేడే సరిచూసుకోవాలి.