చేతి మీది మచ్చలు - దవాఖాన భయాలు



ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా పాత చరిత్ర వ్రాయమని మన సంఘం కార్యదర్శి గారు కోరిననాడు నేను చెంపకు చెయ్యి ఆనించుకుని కూర్చున్నాను. కింది దవడ పన్ను నెల రోజులుగా సలుపుతున్నది. లవంగ నూనె అయింది, ఉప్పు నీళ్ళు పుక్కిలించడం అయింది. చివరకు మా కోడలు పోరు పడలేక సిరిసిల్లలో పంటి డాక్టరు వద్దకు వెళ్ళాను. కుర్చీలో కూర్చునే దాకా బాగానే ఉన్నాను. డాక్టరు సూది చేతికి తీసుకోగానే, నేను కదలకుండా ఉండాలని సహాయకుడు వెనుక నుండి నా భుజం మీద చెయ్యి వేశాడు. అంతే, గుండె దడదడలాడింది. అరచేతులకు చెమటలు పట్టాయి. "ఇయ్యాల వద్దు" అని లేచి వచ్చేశాను. డెబ్బై నాలుగేళ్ళ వాణ్ణి, మూడు దశాబ్దాలు సర్కారు కొలువు చేసినవాణ్ణి. సిగ్గుతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సూదులు నాకు కొత్త కావు. నన్ను కుర్చీలోంచి లేపింది భుజం మీద పడిన ఆ చెయ్యి. అది నన్ను అరవై ఏళ్ళు వెనక్కి, ఎల్లంతకుంట బడికి తీసుకుపోయింది.

మన దేశంలో జాతీయ మశూచి నిర్మూలన కార్యక్రమం 1962లో మొదలైంది. అప్పటికి మా ఇండ్లలో మశూచిని రోగం అనేవారు కాదు, అమ్మవారు పోసింది అనేవారు. పోచమ్మకు బోనం చేసి, వేపమండలు కట్టి, తగ్గేదాకా ఎదురు చూసేవారు. అటువంటి ఊళ్ళోకి టీకాలు వేసేవారు వచ్చేవారు. "టీకాలోళ్ళు వచ్చిండ్రు" అని కేక వినిపిస్తే ఆడపిల్లలు వడ్ల గుమ్ముల చాటున దాక్కునేవారు, మగపిల్లలు చెరువు కట్ట దాకా ఉరికేవారు. ఒకనాడు బడి తలుపులు మూసి మమ్మల్ని వరుసగా నిలబెట్టారు. ఆ కాలంలో వాడిన లాన్సెట్ చిన్న పళ్ళ చక్రం వంటిది. మందు చుక్క వేసి, చక్రాన్ని చర్మం మీద నొక్కి తిప్పేవారు. ఇద్దరు పెద్ద పిల్లలు వెనుక నుండి నా భుజాలు అదిమి పట్టారు. ఎందుకో, ఏమిటో ఎవరూ చెప్పలేదు. పుండ్లు పడి, చీము పట్టి, మానిన తరువాత అణా బిళ్ళంత మచ్చలు మిగిలాయి. నా ఈడు వాళ్ళెవరైనా చొక్కా చెయ్యి పైకి మడిచి చూసుకుంటే అవి ఇంకా కనిపిస్తాయి.

ఆ టీకా మేలు చేసింది. అందులో సందేహం లేదు. 1975 మే తరువాత మన దేశంలో మశూచి కేసు లేదు. ప్రపంచమంతటా ఆ వ్యాధి తొలగిపోయిందని 1980 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. నా ప్రాణం కాపాడిన టీకాయే నాకు భయాన్నీ మిగిల్చింది. రెండూ నిజాలే.

రెండవ ముచ్చట చెప్పడం నాకు కష్టం. ఎందుకంటే అందులో భుజం పట్టిన చేతుల్లో నా చెయ్యి కూడా ఉంది.

అత్యవసర పరిస్థితి రోజులు. 1976 ఏప్రిల్ 16న కేంద్ర మంత్రి డాక్టర్ కరణ్ సింగ్ జాతీయ జనాభా విధానం ప్రకటించారు. కు.ని. ఆపరేషన్లకు టార్గెట్లు వచ్చాయి. నేను అప్పుడు జిల్లాలోని ఒక కార్యాలయంలో కొత్తగా చేరిన ఎల్.డి.సి.ని. కేసుల రిజిస్టరు నా బల్ల మీదే ఉండేది. టార్గెట్ నిండకపోతే జీతాల బిల్లు ఆగుతుందని మాకు చెప్పేవారు. ఒకనాడు మా ఊరి వైపు నేత పనివాడు ఒకతను వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. "సారూ, నాకు ఒక్కడే పోరడు. వాడు గూడ సక్కగ లేడు. నా పేరు కొట్టెయ్యుండ్రి" అన్నాడు. రిజిస్టరులో కొట్టివేతలు ఉండరాదని, ఉంటే పై అధికారి సంతకం కావాలని నేను చెప్పాను. నియమం ప్రకారం అది సరైన జవాబే. అతన్ని మరునాడు క్యాంపుకు తీసుకుపోయారు.

దేశం మొత్తం మీద 1976-77లో సుమారు 82 లక్షల ఆపరేషన్లు జరిగాయి. వాటిలో నాలుగింట మూడు వంతులు మగవారివి. తరువాత విచారణ జరిపిన షా కమిషన్ ముందుకు ఆపరేషన్ల అనంతరం సంభవించిన 1,774 మరణాల లెక్క, పెండ్లి కాని వారికి చేసినట్లు 548 ఫిర్యాదులు వచ్చాయి. ఉత్తరాదిన జరిగినంత బలవంతం మన వైపు జరగలేదని అంటారు. 1977 ఎన్నికల్లో మన రాష్ట్రంలో 42 లోక్‌సభ స్థానాలకు 41 కాంగ్రెసే గెలిచింది కూడా. కాని ఓట్ల లెక్కలో భయం లెక్క తేలదు. మరుసటి ఏడాది దేశంలో ఆపరేషన్లు పది లక్షలకు లోపుకు పడిపోయాయి. మగవారు వెనక్కి తగ్గారు, ఆ భారం ఆడవారి మీద పడింది. ఈనాటికీ ఈ ఆపరేషన్లలో అత్యధికం ఆడవారికే జరుగుతున్నాయి.

ఆ నేత పనివాడు మళ్ళీ దవాఖాన మెట్లు ఎక్కలేదు. చాలా ఏళ్ళ తరువాత చక్కెర వ్యాధితో అతని కాలికి పుండు పడిందని తెలిసి, నేనే తీసుకువెళ్తానని వాళ్ళింటికి పోయాను. "మీతోనా సారూ?" అన్నాడు. కోపంగా అనలేదు. నేను రెండవసారి అడగలేకపోయాను. చివరకు కాలు తీసేయవలసి వచ్చింది. పుండుకు కారణం చక్కెర వ్యాధి. ఆలస్యానికి కారణం మా ఇద్దరికీ తెలుసు.

2021లో కోవిడ్ టీకా వచ్చినప్పుడు మా వాడలో కొందరు ముసలివాళ్ళు తలుపులు వేసుకుంటే చదువుకున్న పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

వైద్య శాస్త్రం ఈ సంగతిని ఆలస్యంగానైనా గుర్తించింది. గత గాయం మనసులో ఉండిపోయి ఏళ్ళ తరబడి బాధించడాన్ని అమెరికా మానసిక వైద్యులు 1980లో ఒక రుగ్మతగా తమ గ్రంథంలో చేర్చారు. మెదడులో బాదం గింజ ఆకారంలో ఉండే అమిగ్డలా అనే భాగం, పాత ప్రమాదాన్ని పోలిన వాసనో, చప్పుడో, స్పర్శో తగిలితే మనం ఆలోచించే లోపలే ఒళ్ళంతటినీ హెచ్చరిస్తుంది. పంటి వైద్యంలో ఇది మరీ ఎక్కువ. వెల్లకిలా పడుకోవాలి, నోరు తెరిచి ఉంచాలి, వద్దని చెప్పడానికి మాట రాదు. అందుకే 1959లోనే ఆడెల్‌స్టన్ అనే దంతవైద్యుడు పిల్లల విషయంలో ఒక పద్ధతి చెప్పాడు: ముందు చెప్పు, తరువాత చూపించు, ఆ పైన చెయ్యి. మా బడిలో తలుపులు మూసిన నాడు ఈ మూడింటిలో మొదటి రెండూ జరగలేదు.

వారం తరువాత మళ్ళీ అదే డాక్టరు వద్దకు వెళ్ళి, సిగ్గు విడిచి బడి సంగతి చెప్పాను. ఆ అమ్మాయి మా మనుమరాలి ఈడుది. ఓపికగా విన్నది. "తాతగారూ, మిమ్మల్ని ఎవరూ పట్టుకోరు. మీరు ఎడమ చెయ్యి ఎత్తితే నేను ఆపేస్తాను" అన్నది. రెండుసార్లు ఎత్తాను. రెండుసార్లూ ఆపింది. మూడవసారి ఎత్తే అవసరం రాకుండానే పన్ను వచ్చేసింది.

కనుక మిత్రులారా, దవాఖానకు వెళ్ళినప్పుడు మీ బి.పి., షుగరు మందుల చీటీతో పాటు మీ పాత భయాన్ని కూడా డాక్టరుకు చెప్పండి. సూదిని, నెత్తురును చూస్తే కళ్ళు తిరిగే అలవాటు ఉంటే ముందే చెప్పి పడుకోండి. నమ్మకమైన మనిషిని వెంట తీసుకువెళ్ళండి. ఇంట్లో ఎవరైనా దవాఖాన వద్దని మొండికేస్తే కసురుకోకండి. ఎప్పుడు, ఎక్కడ భయపడ్డారో ముందు అడగండి.

ఆ నేత పనివాణ్ణి నేను 1976లో ఆ మాట అడగలేదు. ఆయన ఇప్పుడు లేడు. అందుకే మీకు చెప్పుకుంటున్నాను.