మ్యూజియంలో నాలుగో ప్రశ్న



హాస్టల్ పిల్లల్ని హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్తున్నామని, ఎట్లా చూపించాలని కొందరు తమ్ముళ్లు, చెల్లెళ్లు అడుగుతున్నారు. నేనూ పిల్లల్ని తీసుకెళ్తుంటాను. అందుకే ఈ వారం ఆ ముచ్చట.

చైనా పింగాణీ, జపాన్ కత్తులు, పర్షియా తివాచీలు, ఇటలీ పాలరాయి, మన పొరుగున ఉన్న బీదర్ పనితనం. ప్రపంచమంతా ఒక్క కప్పు కింద ఉంటుంది. వస్తువు పక్కనున్న చీటీ మూడు సంగతులు చెబుతుంది: ఇదేమిటి, ఏ దేశానిది, ఏ కాలానిది. మన పిల్లలకు నాలుగో ప్రశ్న నేర్పాలి: దీని వెనక ఎవరి చెమట ఉంది?

ఆ చెమట రెండు రకాలు. మొదటిది చేసినవాళ్లది. బిద్రీ పాత్రనే తీసుకోండి. జింకు, రాగి కలిపి పోతపోస్తారు. ఉలితో చెక్కి, ఆ గాట్లలో వెండి తీగ పొదుగుతారు. బీదర్ కోట పాతమట్టి కలిపిన ద్రావణంలో ముంచితే ఒళ్లంతా నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా మెరుస్తుంది. ఎన్ని తరాల ప్రయోగం ఇది! మేలిముసుగు రెబెకా శిల్పాన్ని చెక్కిన బెంజోనీ పేరు అందరికీ తెలుసు. బిద్రీ పాత్రలు చేసినవాళ్ల పేర్లు ఎన్ని కనిపిస్తాయో పిల్లల్నే వెతకమనండి.

రెండోది, కొన్న డబ్బును పండించినవాళ్లది. రెబెకాను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. అదే ఏడు దక్కనులో మహా కరువు మొదలైంది, 1878 దాకా సాగింది. శిస్తు వసూలును గుత్తకిచ్చే పద్ధతిని తీసేసిన దివాన్ కూడా ఆయనే. రెండూ చరిత్రే, పిల్లలకు రెండూ చెప్పాలి.

సేకరణలో పెద్దభాగం ఆయన మనవడు మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్‌ది. డబ్బు ఎక్కడిది? జాగీరుది. పాలమూరు వైపు కోస్గి, కన్నడ సీమలో కొప్పళ వంటి ప్రాంతాలు ఆ జాగీరులోవే. అక్కడి రైతు శిస్తు కడితే ఇక్కడ ఖజానా నిండింది. తెలంగాణలో బావి కింద పంట పండాలంటే మోట కావాలి. మోటకు తోలు తొండం కావాలి. ఆ తోలు ఊనింది, కుట్టింది మాదిగ చేతులు. పొలంలో పనిచేసింది మాల మాదిగ ఆడోళ్లు, మగోళ్లు. నిజాం రాజ్యపు ఊళ్లలో వెట్టి ఎవరి మెడకు చుట్టుకుందో వేరే చెప్పక్కర్లేదు. ఆయన 1949 మార్చిలో చనిపోయాడు. అదే ఏడు ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. 1951 డిసెంబర్ 16న నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించాడు. ఇప్పుడది జనానిది. అంటే మన పిల్లలు అక్కడికి అతిథులుగా పోవడం లేదు, వాటాదారులుగా పోతున్నారు.

అందమైన వస్తువుల ముందు పిల్లల మనసులో చేదు నింపడం ఎందుకని కొందరంటారు. చేదు కాదు ఇది. తన తాత కుట్టిన తొండానికీ ఈ పాలరాయికీ లెక్క ఉందని తెలిసిన పిల్ల ఆ హాల్లో తలెత్తి నడుస్తుంది. రెబెకా అందం వీసమంత కూడా తగ్గదు.

అక్కడి సంగీత గడియారం దగ్గర తప్పకుండా ఆగండి. గంట కాగానే గడ్డపు బొమ్మ ఒకటి బయటికొచ్చి గంట కొడుతుంది. దానికోసమే జనం గుమిగూడతారు, చూసి వెళ్లిపోతారు. అదే గడియారంలో ఇంకో బొమ్మ ఉంది. కమ్మరి. సెకనుకో దెబ్బ చొప్పున సుత్తె కొడుతూనే ఉంటాడు. గంటకు 3,600 దెబ్బలు. పిల్లల్ని ఆ కమ్మరిని చూడమనండి. వివరించే పని ఉండదు, వాళ్లకే అర్థమవుతుంది.

తిరిగొచ్చాక ఒక పని ఇవ్వండి. ఇంట్లో ఉన్న ఒక పాత వస్తువు బొమ్మ గీయమనండి: ఆరె, రంపె, డప్పు, విసుర్రాయి, ఏదైనా సరే. కింద నాలుగు వరుసల చీటీ రాయించండి. నాలుగో వరుసలో చేసినవాళ్ల పేరు, వాడినవాళ్ల పేరు ఉండాలి. పేరు తెలియకపోతే నాయనమ్మను అడిగి రాయాలి. ఆమె చెప్పేది ఇప్పుడు రాసుకోకపోతే రేపు ఏ మ్యూజియంలోనూ దొరకదు.

ఆ చీటీలు గోడకు అంటించి ఫోటోలు పంపండి. వచ్చే వారం వాటితోనే మొదలుపెడతాను.