బ్యాంక్‌రోల్ నిర్వహణ (పేకాట)

పేకాట ఆడే వ్యక్తి ఆటకొరకే విడిగా ఉంచుకొన్న సొమ్మును బ్యాంక్‌రోల్ అంటారు. ఇంటి ఖర్చులకు, చదువులకు, అప్పులు తీర్చడానికి కావలసిన డబ్బు ఇందులోకి రాదు. మొత్తం పోయినా జీవనానికి ఇబ్బంది కలగని సొమ్ము మాత్రమే ఇది. ఒక్కొక్క ఆటలో ఎంత పెట్టాలి, ఎప్పుడు లేచిపోవాలి అన్నది ముందుగానే నిర్ణయించుకోవడం బ్యాంక్‌రోల్ నిర్వహణ. ఈ పదం పోకర్ ఆటకే కాక, తెలుగువారు ఎక్కువగా ఆడే పదమూడు ముక్కల రమ్మీకి కూడా వర్తిస్తుంది. అయితే హైదరాబాదు ఉత్తర శివార్లలోని మేడ్చల్, శామీర్‌పేట వంటి చోట్ల ఈ లెక్కలోకి చట్టం కూడా వచ్చి చేరుతుంది.

లెక్క

ఎంత నేర్పరి అయినా వరుసగా కొన్ని ఆటలు ఓడిపోవడం సహజం. ఆ గడ్డుకాలం గడిచేవరకు సొమ్ము మిగిలి ఉండాలన్నదే ఈ పద్ధతి ఉద్దేశం. పోకర్‌లో ఒకసారి బల్ల వద్దకు తీసుకొని వెళ్ళే సొమ్మును బై-ఇన్ అంటారు. కొత్తవారి వద్ద కనీసం 20 నుండి 30 బై-ఇన్‌లు ఉండాలని సాధారణంగా చెబుతారు. టోర్నమెంటులలో ఒడిదుడుకులు ఎక్కువ కాబట్టి 50 నుండి 100 వరకు అవసరమంటారు. అమెరికా ఆటగాడు క్రిస్ ఫెర్గూసన్ 2006లో సున్నాతో మొదలుపెట్టి 10,000 డాలర్లు సంపాదించే ప్రయత్నంలో ఒక బల్లపై 5 శాతం, టోర్నమెంటులో 2 శాతం మించకూడదని నియమం పెట్టుకొన్నాడు. మొదటి కొన్ని డాలర్లు కూడబెట్టడానికే అతనికి నెలలు పట్టింది.

రమ్మీలో లెక్క ఇంకా సులభం. ఒక ఆటలో గరిష్ఠ నష్టం 80 పాయింట్లు. పాయింటుకు 2 రూపాయల చొప్పున ఆడితే ఒక్క ఆటలో 160 రూపాయలు పోవచ్చును. ముక్కలు బాగా లేనప్పుడు మొదటే డ్రాప్ చేస్తే 20 పాయింట్లతో, అంటే 40 రూపాయలతో బయటపడవచ్చును. చేతిలో ముక్కలు చూసుకొని మానుకోవడం నేర్చినవాడికి సగం నిర్వహణ వచ్చినట్లే.

పోయినది రాబట్టాలని పందెం రెట్టింపు చేసుకొంటూ పోవడం అన్నిటికంటే ప్రమాదకరం. 100 రూపాయలతో మొదలుపెట్టి ఆరుసార్లు వరుసగా ఓడితే 6,300 రూపాయలు పోతాయి. సరిసమానమైన ఆటలో ఇలా జరిగే అవకాశం 64లో ఒకటి. రాత్రంతా కూర్చున్నవారికి ఇది అరుదేమీ కాదు. ఇద్దరూ సమానులైనా, 10 వంతులున్నవాడు 90 వంతులున్నవానితో చివరిదాకా ఆడితే 90 శాతం దివాళా తీస్తాడని సంభావ్యతా సిద్ధాంతం చెబుతుంది. నిర్వాహకులు కమీషన్ తీసుకొనే చోట పరిస్థితి మరింత కష్టం. నేర్పు అంతంతమాత్రమైతే ఎంత పెద్ద బ్యాంక్‌రోల్ అయినా ఓటమిని ఆలస్యం చేస్తుంది తప్ప ఆపదు.

చట్టం

రమ్మీపై ప్రసిద్ధమైన తీర్పు ఈ ప్రాంతానికి దగ్గరలోని సికింద్రాబాదు నుండే వచ్చింది. అక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బుపై 1963లో జరిగిన పోలీసు దాడి కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం గల ఆట అని 1967 నవంబరు 22న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. పడిన ముక్కలను గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి కాబట్టి ఇది మూడు ముక్కలాట వంటిది కాదని న్యాయస్థానం భావించింది. అయితే ఆటపై నిర్వాహకులు లాభం తీస్తే నేరం కావచ్చునని కూడా చెప్పింది.

ఆ తీర్పును ఇప్పటికీ చాలామంది ధీమాగా ఉదహరిస్తుంటారు కానీ తెలంగాణలో అది అక్కరకు రాదు. 2017లో రాష్ట్ర ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి, నైపుణ్యపు ఆటలకున్న మినహాయింపును తొలగించింది; ఆన్‌లైన్ ఆటలను కూడా నిషేధంలోకి తెచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది.

మేడ్చల్, శామీర్‌పేట పరిసరాలలోని ఫామ్‌హౌస్‌లపై దాడుల వార్తలు పత్రికలలో వస్తుంటాయి. ఇటువంటి దాడులలో బల్లపై ఉన్న డబ్బుతో పాటు జేబులోని నగదు, సెల్‌ఫోన్లు, వాహనాలు కూడా స్వాధీనమవుతాయి. అంటే ఒక ఆటకు 5 శాతమే పెట్టిన జాగ్రత్తపరుడు కూడా మొత్తం బ్యాంక్‌రోల్‌ను ఒకేసారి పోగొట్టుకోవచ్చును, పైగా కేసు ఎదుర్కోవలసి వస్తుంది. (న్యాయవిద్యకు పేరొందిన నల్సార్ విశ్వవిద్యాలయం కూడా శామీర్‌పేటలోనే ఉండడం కాకతాళీయం.) డబ్బు లేకుండా, పాయింట్లను నోటుపుస్తకంలో వ్రాసుకొంటూ ఆడే రమ్మీకి ఈ చిక్కు లేదు. కొన్ని వందల ఆటల లెక్క అలా వ్రాసి చూసుకొంటే తన నేర్పు ఎంతో ఎవరికైనా తెలుస్తుంది.