నిశ్చితార్థం ఉంగరానికి పులికన్ను రాయి

నిశ్చితార్థంలో ఉంగరాలు మార్చుకోవడం ఇప్పుడెంత మామూలైపోయిందంటే, అది తాతముత్తాతల నాటి ఆచారమే అనుకుంటున్నారు పిల్లలు. మా అమ్మమ్మల కాలంలో తాంబూలాలు పుచ్చుకునేవారు, లగ్నపత్రిక రాయించుకునేవారు, అంతే. ఉంగరం అవసరం పడేది పెళ్లిలో, బిందెలో చెయ్యి పెట్టి వెతికే ఆటకి. మెడలో పుస్తెలు, కాలికి మెట్టెలు, ఇవే పెళ్లయిన గుర్తులు. వాటిలో రాయి ఊసే లేదు.

మన కథల్లో ఉంగరాలు లేవని కాదు. తెలుగు బీఏ చదివినదాన్ని, నాకు ముందు అవే గుర్తొస్తాయి. హనుమంతుడు సీతమ్మకు చూపించిన ఉంగరం మీద రాముడి పేరుంది. శకుంతల ఉంగరంలో మణి ఉన్నా, చేప కడుపులోంచి బయటపడ్డాక అది రాజుగారిదని తెలిసింది దాని మీద చెక్కిన పేరు వల్లే. రోమ్‌లోనూ అంతే. దాదాపు రెండు వేల ఏళ్ల కిందట ప్లినీ అనే పండితుడు, తన కాలంలో కూడా పెళ్లి కుదిరిన పిల్లకు ఇనుప ఉంగరమే పంపుతారనీ, దానికి రాయి ఉండదనీ రాశాడు. మాట ఇచ్చామన్న గుర్తుగా ఉంటే చాలు, ఉంగరం పని అయిపోయినట్టే.

ఇదంతా నేను తిరగేయడానికి కారణం మా అక్క కూతురు. తనూ, కాబోయే అబ్బాయీ కలిసి ఉంగరానికి టైగర్ ఐ రాయి ఎంచుకున్నారు. తేనె రంగులో ఉండి, వేలు కదిపితే మధ్యలో ఒక వెలుగు గీత అటూ ఇటూ జరుగుతుంది. పులికన్ను అన్న పేరు అందుకే. "ఇంత చవక రాయా? రేపు నలుగురూ చూస్తే ఏమనుకుంటారే?" అంది అక్క. "కేతువు రాయి శుభకార్యానికి పెడతారా?" అన్నారు అక్కావాళ్ల అత్తగారు. "పిన్నీ, నువ్వయినా చెప్పు" అని అది నా మీద పడేసింది. అక్క బాధ డబ్బు గురించి కాదు. ఉంగరం ఖరీదు తక్కువైతే పిల్లని కూడా తక్కువగా చూస్తారేమోనని భయం. ఆడపిల్లని కన్న ఏ తల్లికైనా ఉండే భయమే.

ముందు కేతువు సంగతి. నవరత్నాల్లో కేతువుకి చెప్పింది వైడూర్యం. అంటే పిల్లికన్ను, క్రిసోబెరిల్ జాతి రాయి. అది మన తూర్పు కనుమల్లో, నర్సీపట్నం వైపు కొండల్లో కూడా దొరుకుతుంది. టైగర్ ఐ వేరు. ఇది క్వార్ట్జ్, అంటే పలుగురాయి కుటుంబానిది. నవరత్నాల్లో దీనికి చోటే లేదు. రెండిట్లోనూ వెలుగు గీత కనిపిస్తుంది కాబట్టి జనం కలిపేస్తారు.

ఇది ఎక్కువగా దొరికేది దక్షిణాఫ్రికాలో, ఉత్తర కేప్ ప్రాంతంలోని ప్రీస్కా, గ్రీక్వాటౌన్ చుట్టుపక్కల కొండల్లో. సుమారు 240 కోట్ల ఏళ్ల నాటి ఇనుప రాతి పొరల మధ్య పుట్టింది. ఆ పొరల్లో నీలి ఆస్బెస్టాస్ పోగులున్నాయి. పోగుల స్థానంలోకి పలుగురాయి చేరి ఇలా తయారైందని 1873 నుంచీ పుస్తకాల్లో రాస్తూ వచ్చారు. 2003లో హీనీ, ఫిషర్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు అది కాదన్నారు. రాయి పగిలిన ప్రతిసారీ ఆ సందులో పలుగురాయీ పోగూ కలిసే పెరిగి పూడుకున్నాయనీ, ఇలా మళ్లీ మళ్లీ జరిగిందనీ వాళ్ల వాదన. అది విని మా పిల్ల, "కాపురం లాగానే ఉంది కదా పిన్నీ" అంది. ఇంకా పెళ్లి కాలేదు, అప్పుడే దీనికెలా తెలిసిందో!

నన్ను ఆశ్చర్యపెట్టిన సంగతి మరొకటి. ప్రపంచమంతా ఎగబడే కింబర్లీ వజ్రాల గనులు కూడా ఆ ప్రాంతంలోనే ఉన్నాయి. రెండూ ఇంచుమించు ఒకే కాలంలో యూరప్ అంగళ్లకు చేరాయి. మొదట్లో పులికన్ను రాయి కూడా అపురూపమే, క్యారెట్ల లెక్కన అమ్మేవారు. తర్వాత ఇద్దరు వ్యాపారులు పోటీపడి ఓడలకొద్దీ సరుకు లండన్‌కి దించేసరికి, ధర పౌన్ల లెక్కకి పడిపోయిందని జార్జ్ కుంజ్ అనే రత్నాల నిపుణుడు రాసిపెట్టాడు. వజ్రానికి ఆ గతి పట్టలేదు. 1888లో ఏర్పడిన డీబీర్స్ కంపెనీ గనులన్నిటినీ గుప్పెట్లో పెట్టుకుని, బజారుకి ఎంత సరుకు వదలాలో తనే నిర్ణయించింది. 1947లో ఫ్రాన్సెస్ గెరెటీ అనే ఆవిడ ఆ కంపెనీ ప్రకటనకు, వజ్రం శాశ్వతం అనే అర్థంలో ఒక్క వాక్యం రాసి ఇచ్చింది. దాంతో నిశ్చితార్థమంటే వజ్రమే అన్న మాట లోకమంతా పాకింది. ఆవిడ మాత్రం పెళ్లే చేసుకోలేదట.

వజ్రాలు మనకి కొత్త కాదు. 1720లలో బ్రెజిల్‌లో దొరికేదాకా ప్రపంచానికి వజ్రాలు దాదాపుగా మన దేశం నుంచే వెళ్లేవి. వాటిలో పేరుమోసినవి కృష్ణ ఒడ్డున కొల్లూరు గనివి. అక్కడ అరవై వేలమంది ఆడా మగా పిల్లలతో సహా పనిచేస్తున్నారని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ రాశాడు. ఇంత దగ్గరలో వజ్రాలు పండినా, మన ఇళ్లలో తాంబూలాలకి వజ్రం కావాలని ఎవరూ అనలేదు. ఇవన్నీ చెప్పి అక్కతో అన్నాను, "రాయి వెల అంగడి నిర్ణయించింది. పిల్ల విలువకీ దానికీ ఏం సంబంధం?"

అలాగని చవక రాయి వెనక ఎవరి కష్టమూ లేదని అనను. ఆ కొండల్లోనే 1890ల నుంచి నీలి ఆస్బెస్టాస్ తవ్వారు. రాతిని సుత్తులతో కొట్టి పోగు వేరు చేసే పనిలో ఎక్కువమంది ఆడవాళ్లూ పిల్లలూ ఉండేవారు. 1960లో వాగ్నర్, ఆయన తోటి వైద్యులు అక్కడివాళ్లలో ఊపిరితిత్తుల పొరకు వచ్చే అరుదైన క్యాన్సర్ 33 మందికి ఉందని బయటపెట్టారు. గనిలో అడుగుపెట్టకుండా ఆ ఊళ్లో పెరిగిన వాళ్లు కూడా అందులో ఉన్నారు. దక్షిణాఫ్రికా ఆస్బెస్టాస్‌ని నిషేధించింది 2008లో. సానపట్టిన రాయిని పెట్టుకుంటే మనకేమీ కాదు, పోగులు పలుగురాయిలో బిగిసిపోయి ఉంటాయి. ప్రమాదమంతా కోసేటప్పుడు లేచే దుమ్ముతోనే. అందుకే ఇంట్లో ఎవరూ దాన్ని అరగదీయడం, రంధ్రం వేయడం లాంటివి చేయకూడదు.

కొనేవాళ్లకి నాలుగు మాటలు. దీని గట్టిదనం పదికి ఏడు లోపే, వజ్రానిది పది. మన ఇళ్లలో దుమ్ములో కూడా పలుగురాయి రేణువులుంటాయి కాబట్టి రోజూ పెట్టుకుంటే కొన్నేళ్లకి మెరుపు తగ్గుతుంది, మళ్లీ సాన పట్టించాలి. రాయి పైకి పొడుచుకు రాకుండా చుట్టూ బంగారం అంచు కట్టమనండి. పైభాగం ఉబ్బెత్తుగా నున్నగా ఉండాలి, వెలుగు గీత సరిగ్గా మధ్యలోకి రావాలి. గీత మరీ సూదిలా, రంగు అంతటా ఒకేలా ఉంటే గాజేమోనని అనుమానించాలి. అంట్లు తోమేటప్పుడు తీసి పక్కన పెట్టాలి. బాత్రూమ్ కడిగే యాసిడ్ అసలు తగలనివ్వకూడదు.

అక్కావాళ్ల అత్తగారు ఒప్పుకున్నారు, కేతువు భయం తీరింది కాబట్టి. అక్క ఇంకా సగమే ఒప్పుకుంది. నేను పిల్లలకి ఇచ్చిన సలహా ఒకటే: రాయి ఏదైనా సరే, ఉంగరం లోపలివైపు ఇద్దరి పేర్లూ తెలుగులో చెక్కించుకోండి. మా వీధి చివర కంసాలి "అక్షరాలు సన్నగా వస్తాయమ్మా" అన్నాడు. ఫర్వాలేదు, చదవాల్సింది వాళ్లిద్దరే కదా.